మా గొంగడి మీద ఎవరి వాన

నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాను, వినలేదు. విన్నవాళ్లు తల ఊపి తమ పని చూసుకున్నారు. ఈ మధ్య ఈ ప్రాంతపు పాత సంగతులు చెప్పమని ఎవరెవరినో కుర్చీలు వేసి కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. మొన్నమొన్న ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు కూడా మైకు పట్టుకుని మా గుట్టల గురించి చెబుతున్నారు. ఆ గుట్టల మీద గొర్లు కాసిన నన్ను మాత్రం పిలవలేదు. పిలవలేదని నేను మరిచిపోతానని అనుకున్నారేమో. నేను దేన్నీ మరిచిపోను. మా ఇంట్లో వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే నా ఎదుట మాట జారరు.

మా మనవరాలు పనిచేసే ఆఫీసు, ఒకప్పుడు మా మంద మేసిన గుట్టను పగలగొట్టి కట్టినదే. ఇంటి పెద్దవాళ్లను తీసుకురావచ్చని ఒకరోజు పిలిస్తే నన్ను తీసుకుపోయింది. బయట రోహిణి కార్తె ఎండ. అద్దాల తలుపు దాటగానే పుష్యమాసం. లోపల కూర్చున్న అమ్మాయి ఆ ఎండల్లో స్వెటరు వేసుకుని ఉంది. ఆమె వెనక గోడ మీద అద్దం బిగించి ఒక నల్ల గొంగడి వేలాడదీశారు. కింద చిన్న అట్ట. దాని మీద ఇట్లా రాసి ఉంది: “దక్కన్ గొర్రె ఉన్నితో నేసిన కంబళి. అలంకరణ వస్తువు. తడి తగలనివ్వరాదు.”

నేను ఆ మూడో మాట దగ్గరే ఆగిపోయాను.

“ఇది ఎవరు రాసిన్రమ్మా?” అని అడిగాను.

“తెలీదు తాతగారూ. ఏమైందండీ?”

“తడి తగలొద్దంటివి. వాననే తగలకుంటె గొంగడి ఎందుకు?”

ఆమె నవ్వి, “చెప్తానండి” అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. తరువాత మళ్లీ పోయి అడిగాను. ఈసారి టై కట్టుకున్న అబ్బాయి “కనుక్కుంటాం సార్” అన్నాడు. మా మనవరాలు నన్ను పక్కకు తీసుకుపోయి, “తాతా, జర ఊకో, అందరు చూస్తున్నరు” అని బతిమాలింది. అందరూ చూస్తున్నారన్న మాట నాకు కొత్త కాదు. చిన్న వయసులోనే ఒకసారి లింగంపల్లిలో అందరూ చూస్తుండగా నిలబడ్డాను. ఆ సిగ్గు ఇంకా చల్లారలేదు. అది చెబితే గానీ ఈ అట్ట సంగతి నాకెందుకు పట్టిందో తెలియదు.

మా వాళ్లు గొర్ల కాపరులు, గొంగడి నేసేవాళ్లు. ఊరు హఫీజ్‌పేటకు అవతల, గుట్టల మధ్య. ఏడాదికి రెండు తడవలు గొర్రె బొచ్చు కత్తిరిస్తే ఆడవాళ్లు వడికేవారు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేవారు. పడుగు ఉన్నిపోగులు గట్టిపడడానికి చింతగింజల అంబలి పట్టించేవారు. చింతగింజలు వేయించి, దంచి, ఉడకబెడితే ఎర్రగా, జిగురుగా వచ్చే అంబలి అది. ఆ వాసన మా ఇళ్లకు, మా ఒళ్లకు ఎప్పుడూ ఉండేది. మగ్గం దిగిన గొంగడి తలుపు చెక్కలా నిటారుగా నిలబడేది. దాన్ని వెంటనే వానలోకి తీసుకుపోయేవాళ్లం కాదు. మొదట పరుచుకుని పడుకోవాలి, దాని మీద కూర్చోవాలి, గొర్రెపిల్లలను చుట్టాలి, ఎండకూ చలికీ తిప్పాలి. చెమట, దుమ్ము, తొక్కుడు తగిలి ఒక ఏడు గడిచేసరికి అంబలి అంతా రాలిపోతుంది, ఉన్ని ఒకదానిలో ఒకటి బిగుసుకుంటుంది. అప్పుడు అది వాన గొంగడి. తల మీద మొన తీసి కొప్పెరలా మడిచి వేసుకుని గుట్ట మీద నిలబడితే ముసురు దాని మీదుగా జారిపోయేది. లోపల బీడీ ఆరేది కాదు.

మా వాన కూడా అట్లాంటిదే. గుట్ట ఎక్కి చూస్తే కొండాపూర్ వైపు కురుస్తున్నది కనబడేది, మా మీద ఎండ ఉండేది. కాసేపటికి మా మీదికి వచ్చి, చెప్పి వచ్చినట్టే చెప్పి పోయేది. ఎక్కువంటే శ్రావణంలో ముసురు పట్టేది, సన్నగా, పడుతూ ఆగుతూ. చినుకు ఎక్కడైనా చినుకే అని మేము నమ్మాం. మా ఊరి మీద పడే వానే దేశమంతటా పడుతుందనుకున్నాం. దేశం ఎంత పెద్దదో మాకు చెప్పినవారు లేరు, మేమూ అడగలేదు.

నవాబు రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన మరుసటి ఏడు. మా సంతలు దెబ్బతిన్నాయి. నేసిన గొంగళ్లు ఇంట్లో దొంతరగా పడి ఉన్నాయి. కొనేవాడు లేడు. మగ్గాలు ఆగిపోయే రోజులవి. అప్పుడు మా ఊరి పటేలు ఒక కబురు తెచ్చాడు. లింగంపల్లి స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో కొత్త సర్కారు సాబు ఒకాయన దిగాడట. దేశమంతటా గోదాములకు, రైలు పట్టాలకు కావలి ఉండేవాళ్లకు ఒకే రకం కప్పుకునేది ఇవ్వాలని చూస్తున్నారట. అన్ని సీమల నుంచి మచ్చులు తెప్పించి పరీక్ష పెడుతున్నారట. మాది నచ్చితే మా ఊరి మగ్గాలన్నీ ఆడతాయి. నచ్చకపోతే మా నాయన మగ్గం గుంట పూడ్చి గుట్టల్లో రాళ్లు కొట్టే పనికి పోవాలి. ఈ సంగతి ఇంట్లో పైకి అన్నది మా అమ్మ ఒక్కతే.

“నచ్చకుంటె ఏంజేస్తవ్?” అని అడిగింది.

“ఎందుకు నచ్చది? ఎంత వాన గొట్టినా ఆగుతది అని చెప్త” అన్నాడు నాయన.

ఆ రాత్రే మగ్గం దించిన గొంగడి ఒకటి ఉంది. అంచు కుట్టి, మూలకు పసుపు బొట్టు పెట్టి, మడిచి గుడ్డలో కట్టాడు. ఇక్కడే మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు చేశాం. వాన పరీక్షకు పాత గొంగడి తీసుకుపోవాలి. మా ఇంట్లో నడక వచ్చిన పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. కానీ దేవుడికి ఇచ్చేది, పెద్దవాళ్లకు చూపేది, ఒంటిని తాకనిదై ఉండాలి. వాడిన గొంగడి దొర ముందు పెట్టడమంటే తిట్టడంతో సమానం. అది మర్యాద. ఆ మర్యాద మా ఎముకల్లో ఉంది. అందుకే తెలిసీ, ఎవరికీ తట్టలేదు.

మృగశిర కార్తె పెట్టి నాలుగు చినుకులు పడ్డాయి. మరునాడు పొద్దుటి నుంచే, ఆ ఏడు ముందుగానే, ముసురు పట్టింది. కొత్త గొంగడి మూటను నాయన తన పాత గొంగడి కింద దాచుకున్నాడు. నేను పక్కన నడిచాను. నాకప్పటికి పెళ్లి అయింది, మంద బాధ్యత కూడా నాదే. పటేలు గొడుగు పట్టుకుని ముందు నడిచాడు. హఫీజ్‌పేట నుంచి లింగంపల్లి దాకా తడుస్తూ పోయాం. షెడ్డులోకి పోయాక నాయన గొంగడి దులిపితే నీళ్లు రాలాయి. కింద ఆయన అంగీ పొడిగా ఉంది. మూట పొడిగా ఉంది. ఇది నేను కళ్లారా చూశాను. ఆ షెడ్డులో ఇంకెవరూ చూడలేదు.

లోపల పొడుగాటి బల్ల మీద రకరకాల మచ్చులు పరిచి ఉన్నాయి. చేతికి ఆనితే వేడి పుట్టేటంత మందం తెల్ల ఉన్ని ఒకటి, మంచు కొండల నుంచి వచ్చిందన్నారు. ఒంటె వెంట్రుకలతో నేసిన పలుచటిది ఇంకొకటి, ఇసుక సీమది. తాటాకుతో అల్లిన గిడుగు ఒకటి, సముద్రం ఒడ్డుది. వీపు మీద తాబేలు చిప్పలా వేసుకుంటారట. ఆ బల్లను చూడగానే నాకు గుండెలో ఏదో జంకు పుట్టింది. ఇన్ని రకాల ఒళ్లు, ఇన్ని రకాల గుడ్డలు అంటే ఇన్ని రకాల ఆకాశాలు ఉండి ఉండాలి. నాయనకు ఆ జంకు రాలేదు. ఆయన మా మూట విప్పి పసుపు మూల పైకి వచ్చేటట్టు పెట్టాడు.

సాబు పడమటి సముద్రం ఒడ్డువాడు. ఉర్దూలోనే మాట్లాడాడు, నేను తెలుగులో రాస్తున్నాను. చెడ్డవాడని చెప్పను. తిట్టలేదు, కసరలేదు. “వానకు ఆగుతుందా?” అని మామూలుగానే అడిగాడు.

“ఎంతైనా పొయ్యిండ్రి సాబ్” అన్నాడు నాయన.

ఆ మాట ఎందుకన్నాడో. ఇప్పటికీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా చెవులు వేడెక్కుతాయి.

షెడ్డు దూలానికి ఒక కిరసనాయిలు డబ్బా వేలాడుతున్నది. అడుగున మేకుతో బొక్కలు కొట్టారు. దాని కింద ఒక బుట్ట బోర్లించి, బుట్ట లోపల పళ్లెంలో ఉప్పు పోసి, బుట్ట మీద మా గొంగడి కప్పారు. ఉప్పు పొడిగా ఉంటే నెగ్గినట్టు. ఇద్దరు మనుషులు బావి నీళ్లు తెచ్చి డబ్బాలో పోస్తూ ఉన్నారు. నీళ్లు ధారలు ధారలుగా గొంగడి మీద పడ్డాయి. మా వానలాగా ఆగి ఆగి కాదు, పట్టుకుని కొట్టినట్టు.

అక్కడ పరీక్షల పనికి తెచ్చిన కావలివాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు ఇసుక సీమవాడు, పెద్ద తలపాగా. ఇంకొకడు మంచు కొండలవాడు. తలపాగావాడికి గొంగడి మీద ధ్యాసే లేదు, నీళ్ల మీదే ఉంది.

“అరే భాయ్, ఒక గుడ్డ కోసం ఇన్ని నీళ్లా? మా ఊళ్లో అయితే ఈ నీళ్లతో ఒక ఇల్లు వారం బతుకుతుంది” అన్నాడు.

కొండలవాడు మా గొంగడి కొసను రెండు వేళ్లతో నలిపి, “మెడకు గుచ్చుకుంటుంది. మంచు పడితే దీనికింద కుక్క కూడా పడుకోదు” అన్నాడు.

“మంచు పడుడంటె ఏంది?” అని నాయన నన్ను మెల్లగా అడిగాడు.

“తెల్వది నాయినా.”

“వడగండ్లా?”

“అయ్యుంటయ్.”

అప్పుడే బుట్ట కింద నుంచి ఎర్రటి జిగురు నీళ్లు కారడం మొదలైంది. అంబలి కరిగింది. ఒక రోజు వయసున్న గొంగడి, ఏం చేస్తుంది? నీళ్లు ధారగట్టి సాబు బూట్ల దాకా పారాయి. ఆయన తెల్ల మేజోళ్లకు మరక అంటింది. బుట్ట ఎత్తి చూశారు. పళ్లెంలో ఉప్పు లేదు, ఎర్ర నీళ్లున్నాయి.

ఎవరూ ఏమీ అనకముందే మా పటేలు పగలబడి నవ్వాడు. “సాబుకు చింతపులుసు పోసినవ్ కదరా!” అన్నాడు. ఆ మాటను ఉర్దూలో కూడా చెప్పాడు. షెడ్డంతా నవ్వింది. తలపాగావాడు నవ్వాడు, కొండలవాడు నవ్వాడు, నీళ్లు పోసేవాళ్లు డబ్బా పట్టుకుని నవ్వారు. మా నాయన నవ్వుతున్నవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తూ, తానూ నవ్వాలా వద్దా తెలియనట్టు పెదవులు కదిపాడు. ఆ పెదవులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను నేల చూశాను. నేల మీద మా అంబలి.

తరువాత నేను నోరు విప్పాను. అది మాత్రం రాసుకోవాలి, నోరు విప్పాను.

“సాబ్, అది కొత్తది. కొత్తది వానకు కాదు. మా నాయిన బుజం మీద ఉన్నదాని మీద పొయ్యిండ్రి. హఫీజ్‌పేట నుంచి ముసురుల ఒచ్చినం. లోపల చెయ్యి పెట్టి చూడుండ్రి, పొడిగున్నది.”

సాబు గడియారం చూసుకున్నాడు. నేను మళ్లీ చెప్పాను. పటేలు నా రెక్క పట్టుకుని, “ఏందిరా, ఒంటి మీది చెమట గొంగడి తీసి సాబు చేతుల పెడ్తవా? ఇజ్జత్ ఉన్నదా నీకు?” అన్నాడు. నాయన తన గొంగడి కొసను నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయనకూ అదే సిగ్గు. నేను గొంతు పెంచి ఇంకోసారి చెప్పాను. సాబు నా వైపు చూశాడు, చూడలేదని అనను. తరువాత గుమస్తా వైపు తిరిగి, తరువాతి మచ్చు తెమ్మన్నాడు. అంతే. నాకు జవాబు రాలేదు. కాదు అని అయినా అనలేదు.

తడిసిన కొత్త గొంగడి పిండితే జిగురు చేతులకు అంటుకుంది. దాన్ని మడవడానికి రాలేదు. నాయన దాన్ని తల మీద పెట్టుకుని చందానగర్ బాట పట్టాడు. ఆ రోజు అక్కడ కూరగాయల అంగళ్లున్నాయి. ఆయన ముఖం మీదుగా ఎర్ర నీళ్లు కారుతుంటే ఈగలు వెంటపడ్డాయి. అంగట్లోవాళ్లు, “ఏంది బావా, బెల్లం దెస్తున్నవా?” అని అడిగారు. నాయన నడుస్తూనే ఉన్నాడు. పటేలు ఆగి ఆగి చెప్పాడు. మేము ఇంటికి పోయేసరికి మా కంటే ముందే సంగతి ఊరు చేరింది.

మాకు ‘పులుసు గొంగడోళ్లు’ అని పేరు పడింది. మా మేనమామ బిడ్డ పెళ్లిలో పులుసు వడ్డించే మనిషి నా ఆకు ముందు ఆగి, “మీ నాయిన గొంగడి ఇప్పుడే పిండినం, పొయ్యనా?” అన్నాడు. బంతిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నా భార్య పక్క బంతిలో ఉంది. తల వంచుకుంది. నేను ఆకు మీద నుంచి లేచి వచ్చాను. ఆ వడ్డించిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. నేను ఇంకా ఆ ఇంటికి పోలేదు.

నాయన మగ్గం ముట్టలేదు. పూడ్చనూ లేదు. ఆ గుంట అంచున కాళ్లు వేలాడేసి కూర్చునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, “ఆ సాబు ఊళ్లె వాన నిజంగ గట్లనే పడ్తదా? లేకుంటె మనల నవ్వులపాలు జెయ్యనీకి పోసిన్రా?” అని అడిగాడు. అప్పుడే నాకు మొండితనం పుట్టింది. వాళ్లు మా వాన చూడడానికి రారు. నేనే వాళ్ల వాన చూస్తాను. నాయన పాత గొంగడి అడిగి తీసుకుని లింగంపల్లిలో పడమటికి పోయే రైలు ఎక్కాను. “యాడికిరా?” అని అమ్మ అడిగితే “చూసొస్త” అన్నాను.

మొదట అంతా మా నేలే. నల్లరేగడి, జొన్న మొలకలు, దూరంగా మబ్బు నీడ. ఇంకా పోతే నేల ఎండిపోయి కనిపించింది. తరువాత కొండలు వచ్చాయి, రైలు మబ్బులోకి దూరింది. కిటికీ అవతల చెట్లు లేవు, ఆకాశం లేదు, తెల్లటి నీళ్లే. కొండ దిగిన తరువాత ఒక చిన్న స్టేషన్‌లో దిగాను. గొంగడి కొప్పెర వేసుకుని పొలాల వైపు నడిచాను.

నేను ఏం చూశానో చెప్పడానికి మా ఊరి మాటలు చాలవు. ఆ వానకు చినుకు లేదు. అది పడడం కాదు, ఉండడం. మనిషి నీళ్లలో నడుస్తున్నట్టుంది. కాసేపు గొంగడి ఆపింది. నాకు ఆశ కలిగింది, నాయనకు చెప్పే మాట కూడా మనసులో పేర్చుకున్నాను. ఇంతలో మెడ వెనక ఒక చల్లని గీత దిగింది. తరువాత ఇంకొకటి. గొంగడి నీళ్లు తాగి తాగి చూలు గొర్రెను మోస్తున్నంత బరువైంది. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లు వీపుల మీద ఆ ఆకు గిడుగులు వేసుకుని వంగి ఉన్నారు. వాళ్లకు వాన పడుతున్న ధ్యాసే లేదు. ఒకామె లేచి నన్ను చూసింది, పక్కామెకు చూపించింది. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ల భాష నాకు రాదు. ఆ నవ్వు మాత్రం లింగంపల్లి షెడ్డులో విన్నదే.

స్టేషన్ వసారాలో గొంగడి ఆరేశాను. ఆరలేదు. ఆ సీమలో ఆరడమనేది లేదు. మరునాటికి దాని మీద తెల్లటి బూజు లేచింది. చచ్చిన గొర్రె వాసన. తిరుగు రైలులో నా పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పోయారు. బల్ల మీద నేనొక్కడినే, పక్కన ఆ ముద్ద. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాయన గొంగడి మీద నీళ్లు పోయించిన సాబు అబద్ధం ఆడలేదు. ఆయన పోసింది తన ఊరి వానే. ఎంతైనా పొయ్యమన్న మాటే చిన్నదైపోయింది. ఈ వాన ముందు మేమందరం చిన్నవాళ్లమైపోయాం.

కొండ ఎక్కి ఇవతలికి రాగానే పొడి గాలి తగిలింది. ఎండ వచ్చింది. గొంగడిని కిటికీలోంచి బయటికి వేలాడదీసి కొస పట్టుకున్నాను. వాడి జంక్షను దాటేలోపల ఆరింది. దులిపితే బూజు పొడిలా రాలింది. అదే రైలు, అదే గొంగడి. పొద్దున చచ్చినట్టున్నది సాయంత్రానికి లేచింది. నేను దాన్ని కప్పుకుని, ఎవరూ చూడకుండా ముఖం దాచుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయన గుంట అంచునే ఉన్నాడు.

“ఆగిందా?”

“ఆగలె నాయినా.”

నాయన గొంగడి తీసుకుని దులిపి చూశాడు. నేను తల ఎత్తలేదు.

“గక్కడ గొర్లున్నయా?” అని అడిగాడు.

ఆలోచించాను. బర్రెలు చూశాను, బాతులు చూశాను. “ఒక్కటి గూడ కండ్ల పడలె.”

“మరి! గొర్రెనే బతకని కాడ గొర్రె బొచ్చు ఏంజేస్తదిరా పిచ్చోడా?” అని నాయన నవ్వాడు. షెడ్డు నుంచి వచ్చిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. వెంటనే గుంటలోకి దిగి కూర్చున్నాడు. తెగిన పోగు వెతుక్కుంటూ తల ఎత్తకుండానే చెప్పాడు: “నువ్వు పోయి ఆ సాబుకు చెప్పు. నీ వానకు మాది ఆగది, నువ్వే గెలిచినవ్ అను. మా వానకు ఆగుతది, ముసురు వట్టిన దినం హఫీజ్‌పేటకు వచ్చి నా గొంగడి కింద జరసేపు నిలబడు అను. వస్తడో రాడో అడిగిరా.”

నేను మరునాడే పోయాను. షెడ్డుకు తాళం. కిటికీలోంచి చూస్తే బల్ల ఉంది, మచ్చులు లేవు. డబ్బా మాత్రం దూలానికి వేలాడుతున్నది. సాబు ఎక్కడికి పోయాడో స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. “పై ఆఫీసులో అడుగు” అన్నారు. పట్నంలో పై ఆఫీసుకు పోయాను. అక్కడ ఇంకో ఆఫీసు చూపించారు. ఆ తరువాత ఎన్ని గుమ్మాలు ఎక్కానో చెబితే మీకు విసుగు. ఒక బంట్రోతు, “గొంగడి ముచ్చటకు దేశమంతా తిరుగుతవా?” అన్నాడు. వాడి ముఖం కూడా గుర్తుంది.

కావలివాళ్లకు ఎక్కడో మిల్లులో చేసిన కంబళ్లు వచ్చాయి, దేశమంతటికీ ఒకే రకం. లింగంపల్లి గేటు దగ్గర కావలి ఉండే మనిషి సర్కారు కంబళి పైకి కనబడేటట్టు కప్పుకుని, దాని కింద మా నాయన నేసిన పాత గొంగడి దాచుకునేవాడు. అది ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నాడు. ఎవరికైనా చెబితే తిడతారని నాతో అన్నాడు. గొంగడి కప్పుకోవడానికి కూడా సిగ్గుపడాల్సిన రోజు వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. నాయన నేస్తూనే ఉన్నాడు, కాపరులు తీసుకుంటూనే ఉన్నారు. కానీ ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం, “సాబు ఏమన్నడు?” అని నన్ను అడిగేవాడు. కడసారి అడిగింది దవాఖానలో. “ఇంకా చెప్పలె నాయినా” అన్నాను.

ఇప్పుడు మా మనవరాలి ఆఫీసువాళ్లు మీరు గొంగడిని అద్దంలో పెట్టి, తడి తగలనివ్వరాదు అని రాశారు. ఎవరు రాశారో చెప్పరు. సాబు కూడా ఇంత మాట అనలేదు. ఆయన తన ఊరి వాన పోసి చూశాడు. మీరు ఏ ఊరి వానా పొయ్యలేదు. అద్దాల లోపల కూర్చుంటే బయట మృగశిర వచ్చిందో రోహిణి పోయిందో కూడా మీకు తెలియదు.

మీ గోడ మీద ఉన్నదాన్ని దించమని నేను అడగడం లేదు. అది కొత్తది, దాని మీద ఇంకా అంబలి మెరుపు ఉంది, తడిస్తే కారుతుంది, మళ్లీ నవ్వుతారు. నా దగ్గర పాతది ఒకటి ఉంది. ఈ ఏడు ముసురు పట్టిన రోజు మీ గేటు ముందు నేను దాన్ని కప్పుకుని నిలబడతాను. ఆ అట్ట రాసినవారు బయటికి రావాలి. పక్కన నిలబడాలి, చెయ్యి లోపల పెట్టి చూడాలి. తడి తగిలితే మీ అట్టను నేనే తుడిచి మళ్లీ తగిలిస్తాను. తగలకపోతే ఆ మూడో మాట కొట్టెయ్యాలి.

మా నాయన అడిగి రమ్మన్నది ఇదే. నేను ఇంకా తాళం వేసిన ఆ షెడ్డు గుమ్మం ముందే ఉన్నాను. తల ఊపొద్దు, కనుక్కుంటామనొద్దు, తరువాతి మచ్చు తెమ్మనొద్దు. వస్తారా, రారా? చెప్పండి.